వెంటపడింది ఎవరు?

ప్రశ్న: "మేం తొమ్మిదేళ్లుగా జర్మనీలో ఉంటున్నాం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. స్కూల్లో రెండో విదేశీ భాషగా లాటిన్ తీసుకుంది. మొన్నటి టెస్టులో ఆరు వాక్యాలిస్తే నాలుగు తప్పు రాసింది. నాలుగూ ఒకే రకం తప్పు. 'డిపోనెంట్ క్రియలకి రూపం పాసివ్, అర్థం యాక్టివ్' అన్న రూలు నిద్రలో లేపి అడిగినా చెప్తుంది. వాక్యంలో వస్తే మాత్రం గుర్తుపట్టదు. 'మీలితేస్ దుకెమ్ సెకూతీ సుంత్' అన్నదానికి 'సైనికులు వెంబడించబడ్డారు' అని రాసింది. ఈ సెక్వొర్ అనే క్రియకి అసలు అర్థం ఏమిటి? దాని రూపాలు ఎలా నేర్పాలి? నాకు లాటిన్ రాదు. ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం, అదీ మార్కుల కోసం తీసుకున్నదే. మావారు ఒకరోజు 'లాటిన్ మానిపించి ఫ్రెంచ్‌లో వేద్దాం' అంటారు, మర్నాడు 'మెడిసిన్‌కి లాటిన్ కావాలి కదా' అంటారు. ఇంట్లో ఇదే టెన్షన్."
- పేరు వద్దన్న ఒక తల్లి, జర్మనీ

జవాబు:

అమ్మా, మీ పాప రాసింది చదివి నా పాత నోట్‌బుక్కు గుర్తొచ్చింది. లాటిన్ మొదలుపెట్టిన ఏడాది నేనూ సరిగ్గా ఈ క్రియ దగ్గరే బోల్తా పడ్డాను.

ఇప్పుడు నేను రాసిన ఆఖరి మాట ఒకసారి చూడండి. 'బోల్తా పడ్డాను.' అందులో 'పడు' ఉంది. అంతమాత్రాన నన్నెవరో పడేశారని మీరు అనుకోలేదు కదా? మీ అమ్మాయి సమస్య అంతా ఈ 'పడు'లో ఉంది, మందు కూడా అందులోనే ఉంది. అక్కడికి వస్తాను. ముందు ఆ వాక్యం సంగతి చూద్దాం.

మీలితేస్ అంటే సైనికులు. దుకెమ్ అంటే నాయకుణ్ణి. సెకూతీ సుంత్ అంటే వెంట వెళ్ళారు. 'సైనికులు నాయకుడి వెంట వెళ్ళారు', అంతే వాక్యం. మీ పాప చివరి క్రియ చూసి పాసివ్ అనుకుంది. అలా అనుకున్నాక 'నాయకుణ్ణి' అనే మాట ఎక్కడ పెట్టాలో తోచక వదిలేసింది. పరీక్షల్లో పిల్లలందరూ చేసే పనే ఇది. ఇమడని మాటని చూడనట్టు దాటేస్తారు. ఇక్కడ ఆ ఇమడని మాటే సాక్ష్యం. 'సైనికులు వెంబడించబడ్డారు' అయితే, మరి 'నాయకుణ్ణి' ఎవరు ఏం చేసినట్టు?

సెక్వొర్ అంటే వెంట వెళ్ళు, వెంబడించు, అనుసరించు, తర్వాత వచ్చు. ఒకరి మాట ప్రకారం నడుచుకోవడానికీ అదే క్రియ, ఒక కారణం నుంచి ఫలితం రావడానికీ అదే. ఈ చివరి అర్థంలో అది ఇంగ్లీషులోకి చెక్కు చెదరకుండా వెళ్ళింది. ఏదో అడిగితే ఇంకేదో చెప్పినప్పుడు ఇంగ్లీషు చదువుకున్నవాళ్ళు 'నాన్ సెక్వితుర్' అంటారు, దీన్నుంచి అది రావడం లేదు అని. ఒకటో దాని వెంట వచ్చేది కాబట్టి రెండోది 'సెకుందుస్', మనం రోజూ వాడే సెకండ్. సీక్వెల్, సీక్వెన్స్ కూడా ఈ కుటుంబమే. కానీ మీ ఇంట్లో వాడుకోవడానికి నేను ఈ అర్థాలన్నిటి కంటే ఒక మంచి తెలుగు మాట ఇస్తాను: వెంటపడు.

'కుక్క పిల్లాడి వెంటపడింది.' ఇందులో ఎవరు ఎవర్ని తరిమారో తెలుగు పిల్లలకి ఎవరూ చెప్పక్కర్లేదు. క్రియ చివర పడు ఉంది, అయినా పని చేసింది కుక్కే. అదే పడుని తీసుకెళ్ళి 'చెప్ప' పక్కన పెడితే 'చెప్పబడింది' అవుతుంది, అప్పుడది స్కూలు వ్యాకరణంలో కర్మణి వాక్యం. ఒకే పడు రెండు చోట్ల రెండు పనులు చేస్తోంది. క్రియకి తగిలితే ఎవరో చేసిన పని వచ్చి దీని మీద పడినట్టు. నామానికి తగిలితే కర్త తానే అందులో పడినట్టు. పదో తరగతిలో పడ్వాది సంధి అని చదివారే, భయము ప్లస్ పడు, భయపడు, అదీ ఈ రెండో రకం. 'పిల్ల భయపడింది' అంటే పిల్లని ఎవరో భయం చేశారని కాదు, పిల్లే భయపడింది.

ఇప్పుడు లాటిన్ డిపోనెంట్లలో కొన్నిటిని వరసగా చెప్తాను, ఎదురుగా తెలుగు మాట చూడండి. వెరెయొర్, భయపడుతున్నాను. మీరొర్, ఆశ్చర్యపడుతున్నాను. లైతొర్, సంతోషపడుతున్నాను. ఈరాస్కొర్, కోపపడుతున్నాను. మిసెరెయొర్, జాలిపడుతున్నాను. పతియొర్, బాధపడుతున్నాను, సహిస్తున్నాను. సెక్వొర్, వెంటపడుతున్నాను. ఇవి నేను అతికించి చేసినవి కావు, తెలుగులో మనం మామూలుగా అనే మాటలు. లాటిన్ రెండు వేల ఏళ్ళ కిందటి రోము భాష, తెలుగుతో దానికి చుట్టరికం లేదు. అయినా మనసులో కలిగేవాటికీ కర్త తానే లోనయ్యే పనులకీ రెండు భాషలూ మామూలు క్రియ వాడకుండా పక్కదారి పట్టాయి. వెరెయొర్ అయితే మన 'భయం'కి మరీ దగ్గర. పులిని చూస్తే కలిగే భయం ఒక్కటే కాదు, 'వాడికి మేష్టారంటే భయం' అంటామే, ఆ భయభక్తులు కూడా అందులో ఉన్నాయి.

అన్ని డిపోనెంట్లకీ ఈ కిటుకు పనిచెయ్యదు, అది ముందే చెప్పేస్తాను. లొక్వొర్ అంటే మాట్లాడుతున్నాను, అక్కడ పడు లేదు. కోనొర్ అంటే ప్రయత్నిస్తున్నాను. ఏ క్రియ డిపోనెంటో, ఏది కాదో నిఘంటువు చూసి నేర్చుకోవాల్సిందే. కానీ 'పాసివ్‌లా కనబడుతూ పాసివ్ కాకపోవడం ఏంటి, అదేం పిచ్చి' అన్న బెరుకు పోవడానికి మన పడు చాలు.

స్కూళ్లలో చెప్పే రూలుతో నాకు పేచీ ఉంది. 'రూపం పాసివ్, అర్థం యాక్టివ్' అనేది తప్పు కాదు, కానీ అది పిల్లల బుర్రకి రెండు మెట్లు పెడుతుంది. ముందు పాసివ్‌గా చదువు, తర్వాత తిరగెయ్యి. పరీక్ష టైములో మొదటి మెట్టు మీదే ఆగిపోతారు. అసలు ఆ పేరు పెట్టిన పాత రోమన్ వ్యాకరణవేత్తలే దారి తప్పించారు. దేపోనెరె అంటే కింద పెట్టెయ్యడం. ఈ క్రియలకి ఒకప్పుడు పాసివ్ అర్థం ఉండేదనీ, దాన్ని కింద పెట్టేశాయనీ వాళ్ళ లెక్క. నిజానికి వీటికి ఆ అర్థం ఎప్పుడూ లేదు. కింద పెట్టడానికి చేతిలో ఏదైనా ఉంటే కదా!

అసలు కథ మీకు తెలుసు. మార్కుల కోసం చదివినా మీరు సంస్కృతం చదివారు కాబట్టి తెలుసు. పరస్మైపదం, ఆత్మనేపదం గుర్తున్నాయా? భవతి, పఠతి ఒక వరస. లభతే, వందతే ఇంకో వరస. ఆత్మనే అంటే తనకోసం. పని ఫలం కర్తకే చెందితే ఆత్మనేపదం అని పాణిని సూత్రం. ఆ ఆత్మనేపదానికి లాటిన్లో మిగిలిన వారసులే ఈ డిపోనెంట్లు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ మూడూ ఒకే మూలభాష నుంచి చీలాయి. కర్త తానే లోనయ్యే పనులకి ఆ మూలభాషలో వేరే ప్రత్యయాలుండేవి. తర్వాత ఆ ప్రత్యయాలనే పాసివ్‌కి కూడా వాడుకున్నారు. అంటే ముందు వచ్చింది సెక్వొర్ లాంటివి, పాసివ్ వెనకాల వచ్చి అదే ఇంట్లో అద్దెకి దిగింది. ఇప్పుడు అద్దెకున్నవాణ్ణి చూసి ఇంటివాణ్ణి అనుమానిస్తున్నాం.

సంస్కృతంలోనూ ఇదే జరిగింది. 'పుస్తకం పఠ్యతే' అంటే పుస్తకం చదవబడుతోంది, కర్మణి. 'ఫలం లభతే' అంటే ఫలాన్ని పొందుతున్నాడు. రెండిటి చివరా తే. అయినా మీరు ఇంటర్ పరీక్షలో లభతేకి 'పొందబడుతున్నాడు' అని ఎప్పుడైనా రాశారా? 'వందే మాతరం' అనే రెండు మాటలు చూడండి. వందే ఆత్మనేపదం, మాతరం ద్వితీయా విభక్తి. 'తల్లికి వందనం చేస్తున్నాను' అనే మనం అర్థం చేసుకుంటాం, 'నాకు వందనం చెయ్యబడుతోంది' అని భారతదేశంలో ఎవరూ అనుకోరు. 'దుకెమ్ సెక్వొర్' సరిగ్గా ఆ అచ్చే. ద్వితీయలో ఒక మాట, దాని పక్కన ఆత్మనేపదంలో క్రియ. మీ పాపకి వందే మాతరం వచ్చే ఉంటుంది. ఇక్కడినుంచి మొదలుపెట్టండి.

ఇంకో మెట్టు ఎక్కొచ్చు. భగవద్గీత రెండో అధ్యాయంలో ఇరవయ్యో శ్లోకం 'న జాయతే మ్రియతే వా కదాచిత్' అని మొదలవుతుంది. పుట్టదు, చావదు. జాయతే, మ్రియతే రెండూ ఆత్మనేపదాలు. లాటిన్లో పుట్టడానికి నాస్కితుర్, చావడానికి మొరితుర్. రెండూ డిపోనెంట్లు, రెండూ ఆ సంస్కృత ధాతువులకి స్వయానా తోబుట్టువులు. ఇక సెక్వితుర్‌కి సంస్కృతంలో తోబుట్టువు సచతే. తర్వాతి సంస్కృతంలో అంతగా కనబడదు గానీ ఋగ్వేదం మొట్టమొదటి సూక్తం 'సచస్వా నః స్వస్తయే' అని ముగుస్తుంది. అగ్నిని 'మా క్షేమం కోసం మా వెంట ఉండు' అని అడగడం. ఆ సచస్వ, లాటిన్ 'సెక్వెరె' ఒకే ధాతువు నుంచి వచ్చిన ఆజ్ఞారూపాలు. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరికైనా వేదం వస్తే ఫోన్లో పాపకి ఆ ఒక్క పాదం వినిపించమనండి. పరీక్షకి పనికొస్తుందని కాదు, అది వినడమే బావుంటుంది.

పుట్టడం అన్నాను కాబట్టి ఒక్క మాట. ఇంగ్లీషులోనూ జర్మన్లోనూ 'పుట్టాను' అనడానికి పాసివ్ వేషమే వెయ్యాలి, 'ఐ వాజ్ బార్న్' అని. తెలుగులో హాయిగా పుట్టాను అంటాం. లాటిన్ నాతుస్ సుమ్ కూడా పుట్టాను అనే. మనం 'మా నేటివ్ భీమవరం' అంటామే, ఆ నేటివ్ ఈ నాతుస్ మనవడు.

సరే, రూపాలు. వర్తమానం ఇదిగో: సెక్వొర్ నేను వెంట వెళ్తున్నాను, సెక్వెరిస్ నువ్వు, సెక్వితుర్ అతను లేదా ఆమె, సెక్విముర్ మనం, సెక్విమినీ మీరు, సెక్వుంతుర్ వాళ్ళు. పక్కన మీ లభతే వరస పెట్టి చూడండి. లభతే, లభంతే అన్నచోట లాటిన్లో తుర్, ంతుర్. త, ంత అలాగే ఉన్నాయి. లభసే అన్నచోట రిస్ ఎలా వచ్చిందంటే, లాటిన్లో రెండు అచ్చుల మధ్య చిక్కిన పాత స, ర అయిపోయింది. పువ్వుని ఫ్లోస్ అనేవాళ్ళు, పువ్వు యొక్క అనాలంటే ఫ్లోరిస్ అనేవాళ్ళు. అదే మార్పు. మినీ మాత్రం దేనితోనూ పోలదు, బట్టీ పట్టాల్సిందే.

గతంలో జరుగుతూ ఉన్న పనికి మధ్యలో బా చేరుతుంది: సెక్వేబర్, సెక్వేబారిస్, సెక్వేబాతుర్, సెక్వేబాముర్, సెక్వేబామినీ, సెక్వేబంతుర్. 'వెంట వెళ్తూ ఉండేవాణ్ణి' అని. దీంట్లో ఎవరూ తప్పు చెయ్యరు, వదిలేద్దాం.

భవిష్యత్తు దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. సెక్వర్, సెక్వేరిస్, సెక్వేతుర్, సెక్వేముర్, సెక్వేమినీ, సెక్వెంతుర్. రెండోది మళ్ళీ చదవండి. సెక్వెరిస్ అంటే వెంట వెళ్తున్నావు, సెక్వేరిస్ అంటే వెంట వెళ్తావు. తేడా అంతా ఎ, ఏ లోనే. రోమన్ లిపిలో అచ్చు మీద దీర్ఘం గీత వెయ్యకపోతే రెండూ ఒకేలా కనబడతాయి, మామూలు లాటిన్ పుస్తకాల్లో ఆ గీత వెయ్యరు. వాక్యం ముందు వెనకలు చూసి ఊహించుకోవాల్సిందే. తెలుగులో రాస్తే ఆ గొడవే లేదు. దేవనాగరికి కూడా లేని సుఖం ఇది. సంస్కృతంలో హ్రస్వ ఎ, హ్రస్వ ఒ లేవు, మనకి ఉన్నాయి. మీ పాపకి తెలుగు రాయడం వస్తే ఈ రూపాలు ఒక కాయితం మీద తెలుగు అక్షరాల్లో రాయించి ఫ్రిజ్ మీద అంటించండి. నేను అలాగే నేర్చుకున్నాను. (స్కూల్లో టీచరు పలికే తీరు నేను రాసినదానికి కొంచెం తేడాగా ఉండొచ్చు. గొడవ పెట్టుకోవద్దు, అక్కడ టీచర్ మాటే ఖాయం.)

ఇక జరిగిపోయిన పని, మీ పాప దెబ్బతిన్న చోటు. సెకూతుస్ సుమ్. ఇది రెండు మాటలు. సుమ్ అంటే ఉన్నాను. సెకూతుస్ అంటే వెంట వెళ్ళినవాడు. తెలుగులో అచ్చంగా ఇలాంటిది మనకొకటి ఉంది, ఎవరూ దాని గురించి గొప్పగా చెప్పుకోరు గానీ. 'నేను ఆయన వెంట వెళ్ళినవాణ్ణి.' మీరైతే 'వెళ్ళినదాన్ని' అంటారు. లాటిన్ కూడా అంతే. మగవాడు సెకూతుస్ సుమ్ అంటాడు, ఆడపిల్ల సెకూత సుమ్ అంటుంది. సెకూతుస్ ఎస్ వెళ్ళినవాడివి, సెకూతుస్ ఎస్త్ వెళ్ళినవాడు, సెకూతీ సుముస్ వెళ్ళినవాళ్ళం, సెకూతీ ఎస్తిస్ మీరు వెళ్ళినవాళ్ళు, సెకూతీ సుంత్ వాళ్ళు వెళ్ళినవాళ్ళు. అందరూ ఆడవాళ్ళే అయితే సెకూతీ బదులు సెకూతై. జర్మన్ పిల్లలకి 'ఆడపిల్ల అయితే చివర మార్చు' అని వేరే గుర్తుచెయ్యాలి. వాణ్ణి, దాన్ని అంటూ పెరిగిన పిల్లకి అది వినగానే పట్టుబడాలి.

పైగా మీ అమ్మాయికి జర్మన్ నుంచి ఇంకో సాయం ఉంది. 'నేను వెంట వెళ్ళాను' అనడానికి జర్మన్లో 'ఇష్ బిన్ గెఫోల్గ్ట్' అంటారు. 'బిన్' అంటే ఉన్నాను. అందులోనూ పాసివ్ ఏమీ లేదు. 'సిండ్ గెఫోల్గ్ట్' అంటే సెకూతీ సుంత్, మాటకి మాట. తొమ్మిదేళ్లుగా ఆ ఊళ్ళో ఆడుకుంటున్న పిల్ల ఈ మాట వందసార్లు అనే ఉంటుంది. రూలు గుర్తొచ్చి భాష మర్చిపోయింది, అంతే.

ఈ సెకూతుస్‌కి ఇంకో వాడకం ఉంది, నాకు డిపోనెంట్లలో అన్నిటికన్నా నచ్చేది అదే. 'హైక్ లొకూతుస్ అబియిత్' అనే వాక్యం తీసుకోండి. హైక్ ఇవి, లొకూతుస్ మాట్లాడి, అబియిత్ వెళ్ళిపోయాడు. 'ఈ మాటలని వెళ్ళిపోయాడు.' మనం రోజుకి కొన్ని వందలసార్లు వాడే ఇకారం క్రియ: తిని, వచ్చి, చెప్పి, వెళ్ళి. మామూలు లాటిన్ క్రియలకి ఈ సదుపాయం లేదు. దీకో అంటే చెప్పడం, అది డిపోనెంట్ కాదు. దానితో 'చెప్పి వెళ్ళాడు' అని నేరుగా అనలేరు. 'ఈ మాటలు చెప్పబడగా వెళ్ళాడు' అని చుట్టూ తిరిగి అనాలి, లేదా 'చెప్పాక' అని ఇంకో వాక్యం పెట్టాలి. డిపోనెంటుకి మాత్రం తెలుగంత సులువు. కాబట్టి సుమ్, ఎస్త్, సుంత్ ఏమీ లేకుండా సెకూతుస్, లొకూతుస్, కోనాతుస్ ఒంటరిగా కనబడితే 'వెంబడించి, మాట్లాడి, ప్రయత్నించి' అని అనువదించమనండి. జర్మన్ వాక్యం తర్వాత కుదుర్చుకోవచ్చు, అర్థం ముందు తెలుగులో పట్టుబడుతుంది.

లొకూతుస్ అంటే కొత్తగా ఉంటే, మన స్కూళ్లలో ఆగస్టు పదిహేనుకి పెట్టే ఎలక్యూషన్ పోటీలు గుర్తుచేసుకోండి. ఆ మాటకి మూలం ఏలొక్వొర్, ఈ లొక్వొర్‌కి ముందు ఏ తగిలించింది.

ఆజ్ఞాపించడంలో ఒక ఉచ్చు ఉంది. 'వెంట రా' అనడానికి సెక్వెరె. 'రండి' అనడానికి సెక్విమినీ. సెక్వెరె అనేది చూడటానికి మామూలు క్రియల తుమున్ రూపంలా ఉంటుంది, రెగెరె అంటే పాలించడం, దూకెరె అంటే నడిపించడం, అలాగ. పిల్లలు సెక్వెరెని 'వెంబడించడం' అని రాసేస్తారు. సెక్వొర్‌కి 'వెంబడించడం' అంటే సెక్వీ, పొట్టిగా. లాటిన్ బైబిల్లో, మత్తయి సువార్త తొమ్మిదో అధ్యాయం తొమ్మిదో వచనంలో, సుంకం మెట్టు దగ్గర కూర్చున్న మత్తయితో యేసు అన్న మాట 'సెక్వెరె మే'. మన తెలుగు బైబిల్లో 'నన్ను వెంబడించుము'. ఆ వెంటనే 'సెకూతుస్ ఎస్త్ ఎఉమ్', ఆయన్ని వెంబడించాడు. ఒకే వచనంలో ఆజ్ఞా ఉంది, జరిగిపోయినదీ ఉంది. చర్చికి వెళ్ళే స్నేహితురాలెవరైనా ఉంటే మీ పాపకి ఈ వచనం చెవిలో పడేలా చెయ్యండి, రెండు రూపాలు ఉచితంగా వచ్చేస్తాయి.

రూపమే యాక్టివ్‌గా ఉండేవి కొన్నున్నాయి, వాటితో పేచీ లేదు. సెక్వేన్స్ అంటే వెంబడిస్తున్న, సెకూతూరుస్ అంటే వెంబడించబోతున్న. పతియొర్ నుంచి ఇలాగే పతియేన్స్ వచ్చింది, బాధపడుతున్నవాడు. ఆస్పత్రిలో పేషెంట్ అతనే. అన్నట్టు, ఈ తంటా అంతా తెచ్చిన 'పాసివ్' అనే మాటకి మూలం కూడా ఈ పతియొర్రే. ఆ పేరే ఒక డిపోనెంట్ నుంచి పుట్టింది. మీ అమ్మాయి టీచరుకి చెప్తే నవ్వుతారు.

ఒక్క రూపం మాత్రం నిజంగా అడ్డం తిరుగుతుంది. సెక్వెందుస్ అంటే అనుసరించదగినవాడు. ఇక్కడ డిపోనెంట్ అయినా అర్థం పాసివే. దీన్ని గుర్తుంచుకోవడానికి రెవరెండ్ ఫాదర్ ఉన్నారు. రెవెరెయొర్ అంటే గౌరవిస్తున్నాను, రెవెరెందుస్ అంటే గౌరవించదగినవాడు. ఆయన గౌరవించేవాడు కాదు, మనం గౌరవించాల్సినవాడు. ఇక సగం డిపోనెంట్లని నాలుగైదు క్రియలున్నాయి, వర్తమానంలో మామూలుగా ఉండి గతంలోకి రాగానే వేషం మారుస్తాయి. గౌదెయో సంతోషిస్తున్నాను, గావీసుస్ సుమ్ సంతోషించాను. ఎనిమిదో తరగతికి ఇవి వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

ఇక పరీక్షలో ఏం చెయ్యాలో చెప్తాను. క్రియ చివర తుర్, ంతుర్ చూడగానే లేదా సుంత్, ఎస్త్ చూడగానే ఆగిపోకుండా, వాక్యంలో 'ని, ను' అర్థం ఇచ్చే మాట, అంటే ద్వితీయ, ఉందేమో వెతకమనండి. దుకెమ్ (నాయకుణ్ణి), పుఎల్లమ్ (అమ్మాయిని), కనెమ్ (కుక్కని) లాంటివి. ఉంటే దాదాపు ఎప్పుడూ అది డిపోనెంటే. పాసివ్ అయితే ఆ 'ని' కర్త అయిపోయి ముందుకొచ్చేసేది. ద్వితీయ లేదు, పైగా 'ఆ' గానీ 'అబ్' గానీ ఉండి 'ఎవరి చేత' అని చెప్తోంది అంటే పాసివ్. రెండూ లేకపోతే నిఘంటువే దిక్కు. అందులో మొదటి రూపమే ర్‌తో ముగిసిందా, సెక్వొర్, సెక్వీ, సెకూతుస్ సుమ్ అని మూడే ఉన్నాయా, అది డిపోనెంట్. మామూలు క్రియకి సాధారణంగా నాలుగు ఇస్తారు. ఒక మినహాయింపు దగ్గర జాగ్రత్త. ఊతొర్ అంటే వాడుతున్నాను, దానికి ద్వితీయ రాదు, తృతీయలా ఉండే విభక్తి వస్తుంది. 'గ్లదియో ఊతితుర్' అంటే కత్తి వాడుతున్నాడు. పిల్లలు దాన్ని 'కత్తి చేత వాడబడుతున్నాడు' అని రాస్తారు, చదివితే పాపం అనిపిస్తుంది.

ఇంట్లో రోజూ ఓ పది నిమిషాలు చాలు. వంటింట్లోకి వెళ్తూ 'సెక్వెరె మే' అనండి. ఆ పిల్ల 'సెక్వొర్ తే' అంటూ వెనకాల రావాలి. వచ్చేశాక 'సెకూత సుమ్' అనాలి. తమ్ముడో చెల్లో ఉంటే ఇంకా మంచిది, 'సెక్విమినీ' అని ఇద్దర్నీ పిలవొచ్చు. టేబుల్ ముందు కూర్చోబెట్టి ఆరు రూపాలు పది కాలాల్లో అప్పజెప్పించడం కంటే ఇది మేలు. అప్పజెప్పడం మీ పాపకి ఎలాగూ వచ్చు, లోపం అక్కడ లేదు.

మీవారి మాటకొస్తే, జర్మనీలో మెడిసిన్ సీటుకి లాటిన్ సర్టిఫికెట్ అక్కర్లేదు. చేరాక వైద్య పరిభాష మీద ఒక చిన్న కోర్సు ఉంటుంది, లాటిన్ చదవని పిల్లలూ అది పాసవుతారు. కాబట్టి డాక్టర్ చెయ్యాలని లాటిన్‌లో ఉంచక్కర్లేదు. అలాగే ఒక టెస్టులో నాలుగు వాక్యాలు పోయాయని ఫ్రెంచ్‌కి పరిగెత్తక్కర్లేదు. ఫ్రెంచ్‌లో కూడా 'నేను పుట్టాను' దగ్గరికి వస్తే ఇలాంటి వేషాలే ఉంటాయి. రూలు గడగడా చెప్పి వాక్యంలో తప్పుతున్న పిల్లకి భాష రాదని కాదు, ఇంకా చెవికి ఎక్కలేదని. మీ పాపని అడగండి, లాటిన్ గంట ఇష్టమా కాదా అని. ఆ జవాబు బట్టి ఇద్దరూ తేల్చుకోండి.

కింది ఐదు వాక్యాలు ఆమె కోసం రాశాను. ఒక అమ్మాయి, ఒక కుక్క, ఒక అమ్మ.

కనిస్ పుఎల్లమ్ సెక్వితుర్.
పుఎల్ల కనెమ్ వెరేతుర్.
పుఎల్ల ఆ మాత్రె వొకాతుర్.
మాతెర్ ఫీలియమ్ హొర్తాతుర్: 'నోలీ వెరేరీ!'
ఫీలియ మాత్రెమ్ సెకూత ఎస్త్.

కనిస్ అంటే కుక్క, పుఎల్ల అంటే అమ్మాయి, మాతెర్ అంటే అమ్మ, ఫీలియ అంటే కూతురు. వొకో అంటే పిలుస్తున్నాను, హొర్తొర్ అంటే ధైర్యం చెప్తున్నాను, నోలీ అంటే వద్దు. ఐదింట్లో ఒక్కటే అసలైన పాసివ్. అది ఏదో మీరు చెప్పకండి, పాపనే పట్టుకోమనండి. మిగతా నాలుగూ ముందు తెలుగులో చెప్పించి, ఆ తర్వాతే జర్మన్లో రాయమనండి.